బరువులెత్తితే పొడుగు ఆగిపోతుందా?

ఆటగాళ్ల ఫిట్‌నెస్‌పై పాఠకుల ప్రశ్నలకు స్ట్రెంగ్త్ కోచ్ జవాబులు

ప్రశ్న: మేడమ్, మా బాబుకి పదకొండేళ్లు. బ్యాడ్మింటన్ ఆడతాడు. వారానికి రెండు రోజులు వెయిట్స్ మొదలుపెడదామని కోచ్ అంటున్నారు. ఇప్పుడే బరువులెత్తితే పొడుగు ఎదగడని మా అత్తగారు ఒకటే గొడవ. ఎవరి మాట వినాలి?
– ఒక తల్లి

జవాబు: ఈ శీర్షికకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదేనమ్మా. మీ అత్తగారి భయం ఊరికే పుట్టింది కాదు. పిల్లల ఎముకల చివర గ్రోత్ ప్లేట్ అని మెత్తటి భాగం ఉంటుంది. ఎముక పొడవు సాగేది అక్కడే. దానికి గట్టి దెబ్బ తగిలితే ఆ ఎముక ఎదుగుదల దెబ్బతినొచ్చు. అక్కడిదాకా ఆవిడ మాట నిజం. కానీ తెలిసినవాళ్లు పక్కనుండి పద్ధతిగా చేయించిన వ్యాయామం వల్ల పిల్లల ఎత్తు ఆగిపోయిందని ఏ పరిశోధనలోనూ తేలలేదు. పిల్లల వైద్యుల సంఘాలు కూడా ఇప్పుడు ఈ వ్యాయామాన్ని వద్దనడం లేదు. బాబు స్మాష్ కొట్టడానికి ఎగిరి ఒంటికాలి మీద దిగినప్పుడు ఆ కాలి మీద పడే భారం వాడి ఒంటి బరువుకు కొన్ని రెట్లుంటుంది. దాన్ని చూసి అందరూ చప్పట్లు కొడతారు. చేతిలో చిన్న డంబెల్ కనిపిస్తే మాత్రం కంగారు పడతారు.

అయితే ఒకటి. ఈ వయసులో కండ పెద్దగా పెరగదు. ఉన్న కండను మెదడూ నరాలూ బాగా వాడుకోవడం నేర్చుకుంటాయి, బలం అలా వస్తుంది. కాబట్టి రెండు నెలలయ్యాక వాడి చేతులు చూసి ‘ఏం మారలేదే’ అనుకోకండి.

నా దగ్గరికి వచ్చిన పిల్లల చేతికి మొదట ఇచ్చేది తేలికపాటి కర్ర. దాన్ని భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవమంటాను. పక్కనుంచి చూస్తే మడమలు నేల మీంచి లేస్తున్నాయా, నడుం వంగిపోతోందా అన్నది తెలుస్తుంది. ఎదురుగా నిలబడితే, లేచేటప్పుడు మోకాళ్లు లోపలికి పడుతున్నాయా అన్నది తెలుస్తుంది. తర్వాత తక్కువ ఎత్తున్న పెట్టె మీంచి కిందికి దూకమని చెప్పి కళ్లు మూసుకుంటాను. దబ్బుమని చప్పుడొచ్చిందంటే తుంటి, మోకాలు, చీలమండ భారాన్ని పంచుకోవడం లేదన్నమాట. ఆ చప్పుడు తగ్గేదాకా ఇంకో పని లేదు. కర్రతో పది పన్నెండు సార్లు ఒకే తీరుగా కూర్చుని లేవగలిగాకే బరువు, అదీ కొద్దికొద్దిగా. ‘గరిష్ఠంగా ఎంత ఎత్తగలవో చూద్దాం’ అనే పందేలు ఈ వయసులో అస్సలు వద్దు.

మీ కోచ్‌ని ఒక్క మాట అడగండి: ఒకేసారి ఎంతమంది పిల్లల్ని చూసుకుంటారు? చిన్నపిల్లలకు వెయిట్స్‌తో తగిలే దెబ్బల్లో ఎక్కువ భాగం వ్యాయామం చేస్తుండగా తగిలేవి కావు, బరువు కాలి మీద పడేసుకోవడం, వేళ్లు నలగడం వంటివి. చూసే మనిషి లేకపోతే అత్తగారి మాటే వినండి.

ప్రశ్న: మా అబ్బాయికి పద్నాలుగు. ఫుట్‌బాల్ ఆడతాడు. ఈ ఏడాది ఒక్కసారిగా సాగిపోయాడు. నిరుడు చురుగ్గా ఉండేవాడు, ఇప్పుడు పరిగెడితే కాళ్లు వాడివి కానట్టు ఉంటున్నాయి. మోకాలి చిప్ప కింద నొప్పి అంటున్నాడు. బద్ధకం అని కోచ్ తిడుతున్నారు.
– ఒక తండ్రి

జవాబు: ఇది బద్ధకం కాదండీ. ఎత్తు వేగంగా పెరిగే దశ మగపిల్లల్లో సగటున పద్నాలుగేళ్ల దగ్గర, ఆడపిల్లల్లో పన్నెండు దగ్గర వస్తుంది. ఎముక ముందు సాగుతుంది, కండా, దాన్ని ఎముకకు అతికించే స్నాయువూ ఆ పొడవును అందుకోవడానికి కొంత సమయం పడుతుంది. కాలు పొడవు మారింది, మెదడులో ఉన్న లెక్క ఇంకా పాతదే. అందుకే ఆ తడబాటు. చిప్ప కింద, ముంగాలి ఎముక మీద నొక్కితే నొప్పి పుట్టే గడ్డలాంటిది ఉంటే అది చాలావరకు ఆస్‌గుడ్-ష్లాటర్. గట్టి తొడ కండ స్నాయువును లాగుతుంటే అది అతుక్కున్న చోట, ఇంకా గట్టిపడని ఎముక దగ్గర, వచ్చే నొప్పి. ఎదుగుదల ముగిశాక సాధారణంగా అదే తగ్గుతుంది. రాత్రిపూట నిద్ర లేపే నొప్పి ఉన్నా, మోకాలు వాచినా, కుంటుతున్నా మాత్రం డాక్టర్‌కి చూపించాల్సిందే.

గోడ మీద పెన్సిల్ గీత గీసి మూడు నెలలకోసారి ఎత్తు రాసి పెట్టండి. గీతల మధ్య దూరం పెరుగుతున్నన్నాళ్లూ దూకుళ్లు, గట్టి స్ప్రింట్లు, పదేపదే షాట్లు కొట్టడం తగ్గించాలి. తేలిక బరువులతో స్క్వాట్లు (కూర్చుని లేవడం), ఒంటికాలి మీద నిలబడే వ్యాయామాలు కొనసాగించొచ్చు. ఆట మొత్తం మానిపించక్కర్లేదు. పిల్లవాడి వయసెంతో వారానికి అన్ని గంటలకు మించి శిక్షణ, మ్యాచ్‌లు ఉండకూడదని నిపుణులు చెప్పే లెక్క ఒకటుంది. పద్నాలుగేళ్లవాడికి పద్నాలుగు గంటలు. స్కూలు జట్టు, క్లబ్బు, జిల్లా జట్టు అన్నీ కలిపి కూడండి. ఎవరి కోచ్ లెక్క వాళ్లే వేసుకుంటారు, మొత్తం మోసేది పిల్లాడొక్కడే.

ప్రశ్న: వర్కౌట్ మర్నాడు నొప్పులు రాకపోతే చేసింది వేస్టేనా?
– ఒక హాకీ క్రీడాకారిణి

జవాబు: కాదు. కొత్త కదలిక చేసినప్పుడు, ముఖ్యంగా బరువును మెల్లగా దించే పనిలో, కండకు అలవాటు లేక ఒకట్రెండు రోజుల తర్వాత నొప్పి వస్తుంది. లాక్టిక్ ఆసిడ్ పేరుకుపోవడం వల్ల అనేది పాత మాట. వ్యాయామం ఆపిన గంటా రెండు గంటల్లో లాక్టేట్ స్థాయి మామూలుకొస్తుంది. పోయిన నెలకన్నా బరువో రెప్సో (ఆపకుండా ఎన్నిసార్లు చేశారన్న లెక్క) పెరిగాయా, జంప్ ఎత్తు పెరిగిందా చూసుకోండి. ప్రతిసారీ మెట్లు దిగలేనంత నొప్పి వస్తోందంటే మీ కోచ్‌కి ప్లాన్ లేదని అర్థం.

ప్రశ్న: ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆడుతున్నాను. సీజన్ మొదలవగానే జిమ్ మానేస్తాను, కాళ్లు బరువెక్కుతాయని. కానీ రెండేళ్లుగా సీజన్ మధ్యలో హ్యామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండ) పట్టేస్తోంది. ఏం చేయాలి?
– డిఫెండర్

జవాబు: మీ ప్రశ్నలోనే జవాబు సగం ఉంది. ప్రీ-సీజన్‌లో కష్టపడి తెచ్చుకున్న బలం జిమ్ మానేసిన కొన్ని వారాల్లో కరగడం మొదలవుతుంది. మ్యాచ్‌లు ముదిరే సమయానికి కాళ్లలో అది ఉండదు. మీరు జిమ్ మానక్కర్లేదు, సెట్లు (మధ్యలో విరామం ఇస్తూ చేసే విడతలు) తగ్గిస్తే చాలు. బరువు తగ్గించకుండా వారానికి ఒక్క సెషన్ చేసినా ఉన్న బలం చాలావరకు నిలుస్తుంది. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. సీజన్ కదా అని బరువు సగానికి తగ్గించి ఇరవై ఇరవై సార్లు చేస్తారు. కాళ్లు బరువెక్కేది అందుకే. స్క్వాటో డెడ్‌లిఫ్టో (నేల మీది బరువును పట్టుకుని నిటారుగా లేవడం) ఒకటి, రెండు మూడు సెట్లు, సెట్‌కి మూడు నుంచి ఐదు రెప్స్, ప్రతి సెట్ చివరా ఇంకో రెండు చేయగలను అనిపించే చోట ఆపేయండి. అరగంటలో బయటపడాలి.

ఎప్పుడు అన్నది ఎంత అన్నదానికన్నా ముఖ్యం. శనివారం మ్యాచ్ అనుకోండి, మంగళవారమో బుధవారమో సరైన రోజు. గురువారం దాటితే గట్టి పని పెట్టుకోకండి. వారానికి రెండు మ్యాచ్‌లు పడితే రెండు సెట్లతో సరిపెట్టుకోండి, కానీ పూర్తిగా వదలొద్దు.

ఇక హ్యామ్‌స్ట్రింగ్. నార్డిక్ అనే వ్యాయామం మీకు తెలిసే ఉంటుంది, చాలా జట్లలో చేసినట్టు నటిస్తారు. మెత్తటి చాప మీద మోకాళ్లపై నిలబడాలి, వెనక ఒకరు చీలమండలు గట్టిగా పట్టుకోవాలి. భుజం, తుంటి, మోకాలు ఒకే గీతలో ఉంచి ముందుకు వాలుతూ పోవాలి. వీలైనంత మెల్లగా, ఇక ఆపలేను అనుకున్నప్పుడు చేతులు నేలకు ఆనించాలి. తుంటి దగ్గర మడిచి పిరుదులు వెనక్కి పెట్టి చేస్తే తొడ వెనక్కి పని పడదు, చూసేవాళ్లకు మాత్రం చేసినట్టే ఉంటుంది. దీన్ని క్రమంగా చేసిన జట్లలో హ్యామ్‌స్ట్రింగ్ గాయాలు దాదాపు సగానికి తగ్గాయని పలు అధ్యయనాలు కలిపి చూసినప్పుడు తేలింది. మొదటి వారాల్లో నొప్పి బాగా ఉంటుంది. కాబట్టి ప్రీ-సీజన్‌లోనే, సెట్‌కి ఐదారుతో మొదలుపెట్టండి. మ్యాచ్‌కి రెండు రోజుల ముందు మొదటిసారి చేసి నన్ను తిట్టుకోవద్దు. దీంతోపాటు వారంలో ఒకసారైనా ప్రాక్టీస్‌లో పూర్తి వేగంతో పరిగెత్తండి. మ్యాచ్‌లో తప్ప ఎప్పుడూ పూర్తి వేగం చూడని తొడ, మ్యాచ్‌లోనే పట్టేస్తుంది.

అన్నట్టు, పేరున్న ఆటగాడు రబ్బరు బంతి మీద నిలబడి స్క్వాట్ చేసే వీడియోలు చూసి అవి మొదలుపెట్టకండి. అవి కెమెరా కోసం.

ప్రశ్న: నాకు పదిహేడేళ్లు, 1500 మీటర్లు పరిగెత్తుతాను. బరువు తగ్గితే టైమింగ్ తగ్గుతుందని చెప్పారు, తగ్గాను. మొదట టైమింగ్ బాగుపడింది, ఇప్పుడు పడిపోతోంది. నాలుగు నెలలుగా పీరియడ్స్ రాలేదు. ట్రైనింగ్ గట్టిగా చేస్తే మామూలే అని సీనియర్లు అంటున్నారు.
– పేరు రాయొద్దు

జవాబు: మామూలు కాదు తల్లీ. ఈ జవాబు చదవగానే అమ్మకి చెప్పు, ఈ వారమే లేడీ డాక్టర్ దగ్గరికి వెళ్లు. మూడు నెలలు ఆగితేనే కారణం వెతకాలి, నీకు నాలుగయ్యాయి. పరుగుకి ఖర్చయ్యే శక్తికి సరిపడా తిండి పడకపోతే ఒళ్లు పొదుపు మొదలుపెడుతుంది, అందులో ముందు కోత పడేవాటిలో పీరియడ్స్ ఒకటి. ఈస్ట్రోజెన్ తగ్గితే ఎముకలు బలహీనపడతాయి. జీవితాంతం మోసే ఎముక బలంలో చాలా భాగం సమకూరేది నీ వయసులోనే. ముంగాలిలో, పాదంలో సన్నటి పగుళ్లు వచ్చేది ఇలాంటప్పుడే. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణుల బృందం దీని మీద ప్రత్యేకంగా నివేదిక ఇచ్చింది, అందులో మగ క్రీడాకారుల గురించి కూడా ఉంది. మొదట్లో టైమింగ్ బాగుపడటమే ఇందులోని మోసం. డాక్టర్ చూసేదాకా వెయిట్స్ గురించి గానీ, ఇంటర్వల్స్ (వేగంగా, మెల్లగా మార్చిమార్చి పరిగెత్తడం) గురించి గానీ నన్నేమీ అడగొద్దు. బరువు తగ్గమన్నవాళ్లతో మాట్లాడటానికి టెన్షన్‌గా ఉంటే ఈ పేజీ చూపించు.

ప్రశ్న: ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకల్ని కలిపి ఉంచే లిగమెంట్) ఆపరేషన్ అయి ఐదు నెలలు. నొప్పి లేదు, వాపు లేదు. వచ్చే నెల టోర్నమెంట్ ఆడొచ్చా?
– బాస్కెట్‌బాల్ ఆటగాడు

జవాబు: వద్దు. నొప్పి తగ్గడం, కొత్త లిగమెంట్ గట్టిపడటం వేర్వేరు గడియారాల మీద నడుస్తాయి. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో, తొమ్మిది నెలల వరకూ ఆట మొదలుపెట్టడాన్ని వాయిదా వేసిన ఒక్కో నెలకీ మళ్లీ మోకాలు గాయపడే ముప్పు సుమారు సగం తగ్గుతూ వచ్చింది. తొమ్మిది నెలలు నిండినంత మాత్రాన కూడా సరిపోదు. తొడ ముందు కండ బలం, ఒంటికాలి గెంతు దూరం రెండూ ఆపరేషన్ కాని కాలితో పోలిస్తే కనీసం తొంభై శాతం ఉండాలి. ఈ పరీక్షలు మీ ఫిజియో దగ్గర చేయించుకుని అంకెలు కాగితం మీద రాయించుకోండి. దూరం సరిపోయినా, గెంతి దిగినప్పుడు మోకాలు లోపలికి పడుతోందేమో ఎదురుగా ఫోన్ పెట్టి వీడియో తీసి చూడండి. పడుతుంటే తొమ్మిదో నెలైనా పదో నెలైనా ఇంకా టైమ్ కాలేదు.