పట్నాకు బదిలీ అయితే అత్తమామలనూ తీసుకెళ్లాలా?

ప్రశ్న: మావారిది ప్రైవేటు ఉద్యోగం. విశాఖ నుంచి పట్నాకు బదిలీ చేశారు. మా ఇద్దరికీ, పాపకూ కంపెనీ గ్రూప్ పాలసీ 4 లక్షలకు ఉంది. అత్తగారికి 66 ఏళ్లు, షుగర్ ఉంది. మామగారికి 72, బీపీ. శ్రీకాకుళం దగ్గర పల్లెలో ఉంటారు, ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుంది. బిహార్‌లో ప్రభుత్వం ఒక్కో మనిషి ఆరోగ్యం మీద పెట్టే ఖర్చు బాగా తక్కువని చదివినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. వాళ్లను మాతో తీసుకెళ్లాలా? బీమా పెంచుకోవాలా? బ్యాంకులో 3 లక్షలు ఉన్నాయి.

జవాబు: మీరు చదివింది నిజమే. కేంద్రం 2018లో విడుదల చేసిన నేషనల్ హెల్త్ ప్రొఫైల్ ప్రకారం 2015-16లో తలసరి ప్రభుత్వ ఆరోగ్య ఖర్చు బిహార్‌లో 491 రూపాయలు. దేశ సగటు 1,112, హిమాచల్‌లో 2,667, మిజోరంలో 5,862. ఇవి పాత అంకెలు, ఆ తర్వాత ఖర్చు పెరిగింది. అయితే మిజోరంలో వైద్యం బిహార్ కంటే పన్నెండు రెట్లు బాగుంటుందని దీని అర్థం కాదు. అక్కడ జనాభా తక్కువ, అంతా కొండలు. కొద్దిమంది కోసమైనా ఆసుపత్రి కట్టాలి, డాక్టరుకు జీతమివ్వాలి. తలసరి దానంతటదే పెరుగుతుంది.

కేరళ సంగతి ఇంకా చిత్రం. ప్రభుత్వ ఆసుపత్రులు బాగా నడిచే రాష్ట్రమే. అయినా 2019-20లో అక్కడి మొత్తం ఆరోగ్య ఖర్చులో సుమారు మూడింట రెండు వంతులు జనం జేబులోంచే పోయింది. దేశ సగటు 47 శాతం. వృద్ధులు ఎక్కువ, చిన్న జబ్బుకైనా డాక్టరు దగ్గరికి వెళ్తారు, అదీ ఎక్కువగా ప్రైవేటుకు. అందుకే తలసరి అంకె చూసి ఇంటి బడ్జెట్ వేయకూడదు. సర్కారు డబ్బు ఏ ఖర్చుకు పనికొస్తుంది, ఏది మన నెత్తిన పడుతుంది అన్నదే చూడాలి.

మీ ముగ్గురి విషయంలో పట్నా గురించి అంత భయం అక్కర్లేదు. రాష్ట్ర సగటు వేరు, రాజధాని వేరు. అక్కడ ఎయిమ్స్ ఉంది, పీఎంసీహెచ్, ఐజీఐఎంఎస్ అనే పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులూ ఉన్నాయి. కాకపోతే పెద్ద జబ్బులకు బిహార్ వాళ్లు ఢిల్లీకో వెల్లూరుకో రైలెక్కడం మామూలే. మీరూ హైదరాబాద్ వచ్చేయాలనే అనుకుంటారు. ఇక్కడే ఒక మెలిక ఉంది. చాలా బీమా కంపెనీలు నగరాలను జోన్లుగా విడగొట్టి ప్రీమియం వేస్తాయి. పట్నా చిరునామాతో చవగ్గా వచ్చిన పాలసీ మీద ఖరీదైన జోన్‌లో చికిత్స చేయించుకుంటే, కొన్ని పాలసీల్లో బిల్లులో కొంత శాతం మీరే కట్టాలి. కాస్త ఎక్కువైనా అన్ని జోన్లకూ పనికొచ్చే పాలసీయే తీసుకోండి. ముగ్గురికీ కలిపి సొంతంగా 10 లక్షల ఫ్లోటర్ (ఇంట్లో అందరికీ ఒకే మొత్తం వర్తించే పాలసీ) చాలు. గ్రూప్ పాలసీని లెక్కలో వేసుకోకండి, ఉద్యోగం మారితే అది ఉండదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ కూడా లేదు.

అత్తమామలను ఇప్పుడే కదపొద్దని నా సలహా. డబ్బు వరకే చెబుతున్నాను, అక్కడ చూసుకునే మనిషి లేకపోతే మాట వేరు. మామగారికి 70 దాటాయి కాబట్టి ఆదాయంతో పనిలేకుండా కేంద్ర పథకమైన ఆయుష్మాన్ వయవందన కార్డు వస్తుంది. ఏడాదికి 5 లక్షల వరకు, బిహార్ సహా పథకం నడిచే రాష్ట్రాల్లో దాని జాబితాలోని ఆసుపత్రుల్లో చెల్లుతుంది. చిక్కు అత్తగారితోనే. ఆమెకు ఆ వయసు రాలేదు. ఎన్టీఆర్ వైద్య సేవ ఆసుపత్రులు మన రాష్ట్రంలోనూ, బయట హైదరాబాద్ లాంటి కొద్ది చోట్లా ఉంటాయి. పట్నాలో ఆ కార్డును నమ్ముకోలేం. ముందు ఆమె పేరున విడిగా పాలసీ తీసుకోండి. మీ ఫ్లోటర్‌లో కలపకండి, అందులో పెద్ద వయసును బట్టే ప్రీమియం పడుతుంది. షుగర్ ఉందని దాచకుండా రాయండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ (బీమా డబ్బు రాని మొదటి గడువు) మూడేళ్లు దాటకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన. ఆ గడువు తీరేదాకా ఆమె ఊళ్లో ఉండటమే క్షేమం.

ఈ కార్డులు ముఖ్యంగా ఆసుపత్రిలో చేరితేనే అక్కరకొస్తాయి. నెలనెలా మందులకు, పరీక్షలకు రావు. ఊళ్లో ఉంటే బీపీ, షుగర్ మాత్రలు పీహెచ్‌సీలో, 104 బండి దగ్గర ఉచితంగా ఇస్తారు. దొరకనివి జన్ ఔషధి దుకాణంలో కొనమనండి. పట్నాకు వస్తే ఈ ఖర్చు చాలావరకు మీ మీదే పడుతుంది.

ఉన్న 3 లక్షల్లో లక్షన్నరను ఆసుపత్రి అడ్వాన్సులకు, హఠాత్తుగా ఊరు రావాల్సి వస్తే టికెట్లకు వెంటనే తీయగలిగేలా ఉంచండి. దాన్ని ఎఫ్‌డీలో బిగించొద్దు.

అత్తగారి ప్రీమియం మీ ఖాతా నుంచి కాకుండా మీవారి ఖాతా నుంచే కట్టించండి. ఆరోగ్య బీమా ప్రీమియం మీద ఆదాయపు పన్ను మినహాయింపు సొంత తల్లిదండ్రులకే వస్తుంది, అత్తమామలకు రాదు. 60 దాటిన తల్లిదండ్రులకైతే 50,000 దాకా, అదీ పాత పన్ను విధానంలో ఉంటేనే.