వెస్ట్ పాయింట్ కోచ్ పిలిస్తే సీటు వచ్చినట్టేనా?

కాదండీ. పదకొండో తరగతి చదువుతున్న మీ అబ్బాయిని వెస్ట్ పాయింట్ (అమెరికా ఆర్మీకి అధికారులను తయారుచేసే కాలేజీ) రెజ్లింగ్ కోచ్ రమ్మంటున్నారు, ఇక వేరే కాలేజీలకు రాయక్కర్లేదా అని అడిగారు. తప్పకుండా రాయించండి. కోచ్ సాయం చేయగలరు కానీ సీటు ఆయన చేతిలో ఉండదు.

ముందు పౌరసత్వం. చేరే నాటికి అమెరికా పౌరుడై ఉండాలి, గ్రీన్ కార్డు చాలదు. మనవాళ్ల ఇళ్లలో చాలామందికి ఇక్కడే బ్రేక్ పడుతుంది. తర్వాత నామినేషన్, అంటే అమెరికా చట్టసభ సభ్యులు మీ అబ్బాయి పేరును ప్రతిపాదించడం. మీ నియోజకవర్గ ప్రతినిధికి, ఇద్దరు సెనేటర్లకు విడివిడిగా దరఖాస్తు పెట్టించండి. చాలా ఆఫీసుల్లో గడువు పన్నెండో తరగతి మొదలైన కొన్ని వారాలకే ముగుస్తుంది. ఇక వైద్య పరీక్ష: పదమూడేళ్లు దాటాక ఆస్తమా ఉంటే మినహాయింపు అడగాల్సి వస్తుంది.

ఆకర్షణ మాత్రం నిజమే. మామూలు కాలేజీల్లో రెజ్లింగ్ స్కాలర్‌షిప్ అంటే తరచూ ఫీజులో కొంత భాగమే. ఇక్కడ చదువు, బస, తిండి ఉచితం, నెలనెలా జీతం కూడా. మోకాలు దెబ్బతిని ఆట ఆగినా, వైద్యపరంగా సైన్యానికి పనికొస్తే చదువు ఆగదు. బదులుగా డిగ్రీ తర్వాత కనీసం అయిదేళ్లు సైన్యంలో పనిచేయాలి. మొదటి రెండేళ్లలో మానేస్తే ఆ బాధ్యత ఉండదు, మూడో ఏడు మొదలైతే ఉంటుంది.

సైనిక వాతావరణం నచ్చి, డిగ్రీ తర్వాత సైన్యంలో పనిచేయాలన్న బాధ్యత మీద సందేహముంటే వీఎంఐ (వర్జీనియా మిలిటరీ ఇన్‌స్టిట్యూట్), సిటడెల్ అనే సైనిక తరహా కాలేజీలు చూడండి. అక్కడ నామినేషన్ అక్కర్లేదు, రెజ్లింగ్ డివిజన్ 1 (కాలేజీ క్రీడల్లో పై స్థాయి) లోనే ఉంది. ఫీజు మాత్రం కట్టాలి.