డిసెంబరులో చూసి నిర్ణయించుకోకండి

ప్రశ్న: మాది విజయవాడ. నర్సుగా 17 ఏళ్ళ నుంచి ఇంగ్లండ్‌లో పనిచేస్తున్నాను. మావారిది ఘనాలోని కుమాసి. ఇన్నాళ్ళూ లేనిది, ఈమధ్య "ఇక చాలు, మా ఊరెళ్ళిపోదాం" అంటున్నారు. వాళ్ళమ్మగారికి 78 ఏళ్ళు. ఈయన పంపే డబ్బుతో మరిది అక్కడ ఇల్లు కట్టిస్తున్నాడు. ఈ డిసెంబరులో అందరం వెళ్ళి చూసొచ్చాక, జనవరిలో ఉద్యోగానికి రాజీనామా ఇస్తారట. బాబుకి 12, పాపకి 8. పైకి హుషారుగా ఉన్నా ఆయన రాత్రిళ్ళు సరిగ్గా నిద్రపోవడం లేదు. నాకు అంతకంటే టెన్షన్‌గా ఉంది. మీరు అక్కడే కాపురం చేస్తున్నారు కదా, ఏమేం చూసుకోవాలో చెప్పండి.
(పేరు వద్దు, లీడ్స్)

జవాబు: అమ్మా, ముందు ఆ డిసెంబరు ప్రయాణం మానుకోండి. డిసెంబరులో ఘనా పెళ్ళివారిల్లులా ఉంటుంది. లండన్ నుంచీ న్యూయార్క్ నుంచీ వచ్చినవాళ్ళతో అక్రా విమానాశ్రయం కిటకిటలాడుతుంది. వాన ఉండదు, సహారా వైపు నుంచి వీచే హర్మటాన్ అనే పొడిగాలికి తెల్లవారుజామున కాస్త చలి కూడా వేస్తుంది. వచ్చినవాళ్ళు పౌండ్లు మార్చుకుని, ఖర్చుపెట్టి, మూడు వారాలకి వెళ్ళిపోతారు. అలా చూస్తే ఏ ఊరు నచ్చదు?

జూన్‌లో రండి. ఎర్రమట్టి రోడ్లు బురదైపోయి ఉంటాయి. కరెంటు పోతూ వస్తూ ఉంటుంది, ఇక్కడివాళ్ళు దానికి 'డుమ్‌సోర్' అని ముద్దుపేరు పెట్టుకున్నారు. అత్తగారింట్లో దిగకండి. ఏదైనా చిన్న ఇల్లు మూడు నెలలకి తీసుకుని, మీరే బజారు చేసుకుని, మీరే వండుకోండి. అద్దె అడ్వాన్సు ఆర్నెల్లకి మించి అడగకూడదని చట్టం ఉంది కానీ ఏడాదికీ రెండేళ్ళకీ అడిగేవాళ్ళే ఎక్కువ. బేరమాడండి.

మా ఆయన సొంతూరికి రెండుసార్లు తిరిగొచ్చారు. మొదటిసారి 1983లో, తన ఇష్టంతో కాదు. ఆ జనవరిలో నైజీరియా ప్రభుత్వం కాగితాల్లేని విదేశీయులందర్నీ వెళ్ళిపొమ్మంది. దాదాపు పది లక్షలమంది ఘనావాళ్ళు ఉన్నపళంగా బయల్దేరారు. నీలం, ఎరుపు గళ్ళ ప్లాస్టిక్ సంచీలు మన బస్టాండుల్లో కనిపిస్తాయే, ఆ సంచీల్లో సామాను కుక్కుకుని. ఆ సంచీకి ఇప్పటికీ పశ్చిమ ఆఫ్రికాలో 'ఘనా మస్ట్ గో' అనే పేరు. ఇంటికొస్తే ఇక్కడ కరువు. తిండిలేక పొడుచుకొచ్చిన మెడ ఎముకల్ని జనం అప్పటి పాలకుడి పేరుతో 'రాలింగ్స్ చైన్' అనేవారు. అంత కరువులోనూ మా అత్తగారు కొడుకుని ఏమీ అడగలేదట. ఉన్న గంజే అందరికీ పంచారు.

రెండోసారి 2004లో, హాంబర్గ్‌లో 14 ఏళ్ళున్నాక, నన్నూ అమ్మాయినీ ఒక కంటైనర్ సామానునూ వెంటేసుకుని వచ్చారు. అప్పుడు మాత్రం అడగనివాళ్ళు లేరు. ఇక్కడ విదేశం నుంచి వచ్చినవాణ్ణి 'బోర్గా' అంటారు, ఆ మాట హాంబర్గ్ నుంచే పుట్టిందంటారు. మన కరీంనగర్ వైపు దుబాయ్ నుంచి వచ్చినవాడి చుట్టూ ఎలా మూగుతారో అలాగే. మేనల్లుడి ఫీజు, పక్కింటివాళ్ళ ఆస్పత్రి బిల్లు, అన్నిటికీ బోర్గాయే. కుమాసిలో శనివారం వస్తే ఏదో ఒక చావు పిలుపుంటుంది. నలుపూ ఎరుపూ బట్టలు కట్టుకుని వెళ్ళాలి, డబ్బివ్వాలి, ఎవరెంత ఇచ్చారో మైకులో చెబుతారు. మన పెళ్ళిళ్ళలో చదివింపులు గుర్తుకొచ్చి మొదటిసారి నాకు నవ్వాగలేదు. మా ఆడపడుచు నా చెయ్యి గట్టిగా గిల్లింది.

2019లో ప్రభుత్వం 'ఇయర్ ఆఫ్ రిటర్న్' అని సంబరంగా చేసింది. అది నాలుగు వందల ఏళ్ళ కిందట బానిసలుగా అమెరికాకి తరలించిన వాళ్ళ వారసుల కోసం. వాళ్ళు ఒకప్పుడు బానిసల్ని ఓడలెక్కించిన కేప్‌కోస్ట్ కోటలో కన్నీళ్ళు పెట్టుకుని వెళ్తారు, వాళ్ళని ఫీజు అడిగే మేనల్లుళ్ళు ఇక్కడ లేరు. మీ ఆయన సంగతి వేరు.

ఇక ఇల్లు. ఎన్ని గదులో అడక్కండి, ఏ నేలమీద కట్టారో అడగండి. మీవారు కుమాసి వైపు ఎక్కువగా ఉండే అకాన్ తెగవారైతే, వాళ్ళలో వంశం తల్లి వైపు నుంచి లెక్క. ఆ కుటుంబాన్ని 'అబుసువా' అంటారు. అందులో ఆయన చెల్లెలి పిల్లలుంటారు గానీ, మీ పిల్లలుండరు. మీరసలే ఉండరు. 1985లో వచ్చిన చట్టం ప్రకారం, వీలునామా లేకుండా పోయినవాడి సొంతార్జితపు ఇల్లు భార్యకీ పిల్లలకీ వస్తుంది. ఉమ్మడి కుటుంబపు నేలకి అది వర్తించదు. కాబట్టి నేల ఆయన పేరున విడిగా ఉందా, ల్యాండ్స్ కమిషన్‌లో రిజిస్టరైందా చూడండి. ఆ ఊరి సంప్రదాయ పెద్ద, అంటే చీఫ్, ఇచ్చిన చీటీ ఒక్కటీ చాలదు. మా ఇంటికి ఆరేళ్ళు డబ్బు పంపాం. వచ్చి చూస్తే లింటెల్ దాకా లేచిన గోడలు, తుప్పుపట్టిన ఊచలు, గదుల్లో నడుమెత్తు గడ్డి. కట్టించే బాధ్యత తీసుకున్నాయన భోజనం పెట్టి, సిమెంటు ధరల గురించి గంటసేపు మాట్లాడాడు.

ఘనా డబ్బు, సెడీ, సంగతి కూడా చెప్పాలి. లీడ్స్‌లో ఉన్నంతకాలం సెడీ పడిపోతే మీకు లాభమే, అదే పౌండుకి ఎక్కువ ఇటుకలొస్తాయి. ఇక్కడ సెడీల్లో జీతం తీసుకోవడం మొదలయ్యాక ఆ లాభమే నష్టం. 2022 డిసెంబరులో ధరల పెరుగుదల 54 శాతం. ఆ నెల నేను వంటనూనె కప్పుతో కొలుచుకుని వాడాను. అక్కడి పొదుపంతా ఒక్కసారి ఇక్కడికి మార్చేయకండి.

పిల్లలు తండ్రి వైపు నుంచి పుట్టుకతోనే ఘనా పౌరులు, చిక్కులేదు. ఆయన బ్రిటిష్ పౌరసత్వం తీసుకుని ఉంటే ద్వంద్వ పౌరసత్వం నమోదు చేయించుకోవాలి. మీది ఇంకా ఇండియా పాస్‌పోర్టే అయితే మాత్రం జాగ్రత్త, ఘనా పౌరసత్వం తీసుకుంటే అది పోతుంది. బాబుకి 12 కాబట్టి వస్తే త్వరగా రావడమే నయం, జూనియర్ హైస్కూలు మొదట్లో చేరితే కుదురుకుంటాడు. వీధిలో పిల్లలు 'ఓబ్రోని' అని పిలుస్తారు, తెల్లవాడా అని. మా అమ్మాయినీ పిలిచారు, ఆర్నెల్లు ఏడ్చింది, తర్వాత కొత్తగా వచ్చినవాళ్ళని తనే అలా పిలిచింది.

అందరికీ యెల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. మలేరియా మందు మీవారి చేత కూడా మింగించండి. "నేనిక్కడ పుట్టాను" అంటారు. చిన్నప్పటి తట్టుకునే శక్తి ఇన్నేళ్ళు దూరంగా ఉంటే తగ్గిపోతుంది. మా ఆయన మూడో నెలలో ఆస్పత్రి పాలయ్యారు. నర్సు మీరు, మీకు నేను చెప్పాలా?

నిద్ర గురించి. వచ్చిన కొత్తలో మా ఆయన ట్రోట్రో ఎక్కారు, అంటే షేర్ వ్యాను. ఛార్జీ దగ్గర కుర్రాడితో ట్వీ భాషలో గట్టిగా వాదించారు. వాడు ఎగాదిగా చూసి ఇంగ్లీషులో జవాబిచ్చాడు. ఈయన ట్వీ పద్నాలుగేళ్ళనాటిది, మాట తీరు మారిపోయింది. ఆ రాత్రి ఫుఫు ముద్ద ముందు పెట్టుకుని వేలితో అలా నొక్కుతూ కూర్చున్నారు. తినలేదు. మీవారు ఇంగ్లండ్‌లో ఉండగానే ఆ కుర్రాడి చూపుకి భయపడుతున్నారేమో. ఓసారి అడిగి చూడండి.

జూన్ టికెట్లు కొనేటప్పుడు నలుగురికీ రిటర్న్ కూడా తీసుకోండి. ఆయన అలుగుతారు. అయినా సరే, తీసుకోండి.