గాల్లో రెక్క విరిగిందంటే భయం సహజమే, దానికోసం అబ్బాయి చదువు మార్చకండి

నెల్లూరు నుంచి ఒక తల్లి రాశారు. అబ్బాయి ఇంటర్ రెండో ఏడాది ఎంపీసీ. అమెరికాలో జనం గ్యారేజీల్లో సొంతంగా చిన్న విమానాలు కట్టుకునే వీడియోలు చూసి, ఏరోస్పేస్ చదివి తానూ ఒకటి కడతానంటున్నాడట. అలాంటి విమానాలు గాల్లోనే విరిగిపోయాయని చదివిన దగ్గర్నుంచి ఆవిడకి ఒకటే టెన్షన్. "నచ్చజెప్పి సీఎస్ఈలో చేర్చమంటారా?" అని అడుగుతున్నారు.

అమ్మా, మీ భయం ఉత్తదని నేను అనను. మీరు చదివింది బహుశా జోడియాక్ సీహెచ్-601 ఎక్స్ఎల్ గురించి అయ్యుంటుంది. రెండు సీట్ల అల్యూమినియం విమానం, కిట్ కొని ఇంట్లో బిగించుకునేవాళ్లూ ఉన్నారు, ఫ్యాక్టరీలో తయారైనవి కొన్నవాళ్లూ ఉన్నారు. 2006 నుంచి ఇవి వరసగా గాల్లో విరిగి కూలాయి. 2009 ఏప్రిల్‌లో అమెరికా ప్రమాద దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ, నాలుగు అమెరికాలో, రెండు బయటి దేశాల్లో జరిగిన ప్రమాదాలను చూపించి, పదిమంది చనిపోయారు, వీటిని ఎగరనివ్వకండి అని అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏని కోరింది. ఎఫ్ఏఏ వెంటనే ఆపలేదు. ఆ నవంబర్‌లో ఇంకొకటి విరిగాక గానీ, రెక్కలు బలపరిచేదాకా ఎగరొద్దన్న మాట గట్టిగా రాలేదు.

ఎన్‌టీఎస్‌బీ అనుమానం ఫ్లటర్ మీద, అంటే గాలికి రెక్క తనంతట తానే ఊగడం మొదలై, ఆ ఊపు పెరిగిపోవడం. రెక్క వెనక అంచున ఎయిలరాన్ అనే కదిలే పలక ఉంటుంది, విమానాన్ని పక్కకి ఒరిగించేది అదే. దాని బరువంతా కీలుకి వెనకే ఉంటే, రెక్క కాస్త పైకి లేవగానే పలక వెనకబడి కిందికి వాలుతుంది, ఆ వాలుకి రెక్క ఇంకా పైకి లేస్తుంది, తిరిగి దిగేటప్పుడు ఇదే తలకిందులుగా జరుగుతుంది. ఆ పలకని కదిలించే కేబుళ్లు వదులుగా ఉంటే మరీ ప్రమాదం. వేగం ఒక హద్దు దాటాక ప్రతి ఊపులోనూ గాలి నుంచి శక్తి చేరుతూ పోయి, పైలట్ తేరుకునేలోపే రెక్క పోతుంది.

అయితే 2010 జనవరిలో ఎఫ్ఏఏ సమీక్ష బృందం, కారణం ఇదొక్కటే కాదంది. 1,320 పౌండ్లు, అంటే సుమారు 600 కిలోల విమానానికి రెక్క మీద పడే భారాల్ని డిజైన్‌లో తక్కువగా లెక్కేశారని, పైలట్ చేతిలోని కంట్రోల్ స్టిక్ మరీ తేలిగ్గా కదలడం, వేగం చూపించే మీటర్‌లో తేడా కూడా తోడై ఉండొచ్చని తేల్చింది. చివరికి రెక్క దూలానికి బలం చేర్చి, ఎయిలరాన్‌కి కీలు ముందు బరువు బిగించే మార్పు వచ్చింది. చూడండి, బిగించినవాడు రివెట్లన్నీ సరిగ్గా కొట్టినా, డిజైన్ లెక్క తప్పితే చాలు, రెక్క పోతుంది.

ఆ లెక్క సరిచూసే మనుషులు కావాలి కాబట్టే నేను మీ అబ్బాయిని ఆపొద్దంటాను. విమానం భాగాల బలం లెక్కేసే స్ట్రక్చర్స్, గాలికి రెక్కలు వంగడం, ఊగడం చెప్పే ఏరోఎలాస్టిసిటీ అనే సబ్జెక్టులు ఇవే. ముందు ఒక పని చేయండి: ఎన్‌టీఎస్‌బీ రిపోర్టులు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, ఒకటి చదవమనండి. "కేబుల్ టెన్షన్ ఎంతుండాలి, ఎవరు కొలిచారు" అని అడిగాడంటే అతనికి ఈ చదువు పడుతుంది. విసుగొచ్చి పక్కన పడేసి, తనకి ఎగరడమే కావాలంటే అది పైలట్ దారి, దాని ఖర్చు వేరు, మనం వేరేగా మాట్లాడుకోవాలి.

చదువంటే, జేఈఈ అడ్వాన్స్‌డ్‌తో మద్రాస్, బొంబాయి, కాన్పూర్, ఖరగ్‌పూర్ ఐఐటీల్లో ఏరోస్పేస్ ఉంది, తిరువనంతపురంలో అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీ ఉంది. అవి రాకపోతే మంచి కాలేజీలో మెకానికల్ చేసి గేట్ రాసి ఎంటెక్‌లో ఏరోస్పేస్‌కి మారడం నా దృష్టిలో చాలా మేలు. ఏరోనాటికల్ అని బోర్డు చూసి మాత్రం చేర్చకండి, స్ట్రక్చర్స్ ల్యాబ్ తలుపు తీయించి, రెక్కకి బరువు వేలాడదీసి పరీక్షించే ఏర్పాటు ఉందా, ఆ మిషన్ పనిచేస్తోందా అని కళ్లతో చూసి రండి. అమెరికాలో ఎంఎస్ అయితే కాన్సాస్ రాష్ట్రంలోని విచిటా ఊళ్లో విమానాల టెస్టింగ్ పెద్ద ఎత్తున జరుగుతుంది.

ఉద్యోగాలు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నన్ని ఉండవు, మొదటి జీతమూ తక్కువే, ఇది అతనికి ఇప్పుడే చెప్పండి. బెంగళూరులో విమాన పరిశోధన సంస్థ ఎన్ఏఎల్, విమానాలు తయారుచేసే హెచ్ఏఎల్, హైదరాబాద్ పక్కన ఆదిభట్లలో విమాన భాగాల ఫ్యాక్టరీలు ఉన్నాయి. సొంత విమానం సంగతి డిగ్రీ అయ్యాక చూసుకోవచ్చు. రిపోర్టు చదివాక అబ్బాయి అడిగిన ప్రశ్నలు నాకు రాసి పంపండి, కాలేజీల లిస్టు ఆ తర్వాత వేద్దాం.