వేపకు రంపం పెట్టే ముందు: మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి మామ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ ములుగులో మేమంతా క్షేమం. పెళ్లి పిలుపుకు వచ్చిన మీ ఆడబిడ్డ నిన్న మాటల్లో చెప్పింది, ఎండకాలపు గాలిదుమారాలు మొదలయ్యేలోపు హనుమకొండ ఇంటి చుట్టూ ఉన్న చెట్ల కొమ్మలను నువ్వూ అల్లుడూ కలిసి మీరే కొట్టాలనుకుంటున్నారని, అందుకు కొత్త రంపం కూడా కొన్నారని. మీ అమ్మ పోయాక ఆ వాకిలిని ఎవరు పట్టించుకుంటారోనని బెంగపడ్డ నాకు ఆ మాటతో గుండె నిండింది. రాత్రి మాత్రం కన్ను మూతపడలేదు.

ముందు తీగల మాట. 32 ఏళ్లు లైన్‌మన్‌గా పనిచేసిన వాడిని కాబట్టి నాకు చెట్టు కంటే ముందు తీగే కనిపిస్తుంది. వేప కొమ్మల మధ్య నుంచి పోయే సర్వీసు తీగకు, అంటే స్తంభం నుంచి ఇంటికి వచ్చే తీగకు, తొడుగు ఉంది కదా అని నమ్మవద్దు. ఏళ్ల తరబడి కొమ్మ రాసుకొని ఆ తొడుగు ఎక్కడ చిట్లిందో కింది నుంచి తెలియదు. వీధిలోని లెవెన్ కేవీ (పదకొండు వేల వోల్టుల) లైనుకైతే అసలు తొడుగే లేదు. కరెంటు వాళ్ల నంబరు 1912కు ఫోన్ చేసి చెప్పండి. లైన్‌మన్ వచ్చి, లైన్ క్లియర్ (లైను ఆపి పని చేసుకునే అనుమతి) తీసుకొని, కరెంటు ఆగిందని అతని నోటితో చెప్పేవరకు ఆ వైపు కొమ్మను ముట్టుకోవద్దు. అల్యూమినియం నిచ్చెన, ఇనుప పైపుకు కట్టిన కొడవలి ఆ ఛాయలకే రాకూడదు. మామిడికాయలు తెంపబోయి ఇనుప దోటి తీగకు తగిలి ప్రాణం విడిచిన ఇద్దరిని నేను ఈ చేతులతో చెట్టు మీద నుంచి దించాను. అల్లుడికి ఈ మాట నువ్వే చదివి వినిపించు.

మందారలు, నందివర్ధనం మీకు తెలిసిన పనే. గేటు కమాను మీది కాగితపు పూల తీగను సగానికి తగ్గించండి, లేకపోతే గాలికి తెరచాపలా ఉబ్బి కమానునే లాగేస్తుంది. మామిడి ఇప్పుడు పూత మీద ఉంటుంది. ఎండు పుల్లలు తప్ప ఏమీ తీయవద్దు, కాయ దిగిన తర్వాత చూసుకోవచ్చు. మునగ కట్టె పెళుసు, దాని మీద ఎవరూ కాలు పెట్టకూడదు. కాపు అయ్యాక నడుమెత్తుకు కొట్టేస్తే మళ్లీ చిగురిస్తుంది.

ఇక వేప సంగతి. మీ ఆడబిడ్డ చెప్పిన దాంట్లో నాకు నిద్ర లేకుండా చేసిన మాట ఒకటుంది: వేపను పై నుంచి సగానికి కొట్టేస్తే పీడ పోతుందని అల్లుడు అన్నాడట. 1990లో నేనూ అదే అన్నాను. అప్పటికి ఉద్యోగంలో చేరి నాలుగేళ్లు. తీగల కింది చెట్లను అడ్డంగా కొట్టడం రోజూ చేసే పని కావడంతో చెట్ల గురించి నాకు అంతా తెలుసుననే ధీమా ఉండేది. తీగను కాపాడే కోత వేరని, చెట్టును కాపాడే కోత వేరని అప్పుడు తెలియదు. గాలికి కొమ్మలు పెంకుల మీద పడతాయని మీ అమ్మ భయపడుతుంటే గొడ్డలి పట్టుకొని ఎక్కి, రెండు నిలువుల ఎత్తులో దాని తల మొత్తం నరికి, మోడు చేసి దిగాను. వీధివాళ్లు వచ్చి ఇంటికి వెలుతురు వచ్చిందని మెచ్చుకున్నారు.

ఆ వానకాలానికే మోడు అంచు చుట్టూ చీపురు కట్టలా చిగుళ్లు లేచాయి. మూడేళ్లకు ఒక్కొక్కటి జబ్బ లావై, చెట్టు మునుపటి కంటే గుబురుగా తయారైంది. 1993 వైశాఖంలో ఒక సాయంత్రం పడమట మబ్బు కమ్మి దుమ్ము లేచింది. మీ అమ్మ వాకిట్లో ఆరబోసిన మిరపకాయలను చాటతో గంపకు ఎత్తుతోంది, నేను దర్వాజ దగ్గర సైకిలును లోపలికి పెడుతున్నాను. పెద్ద చప్పుడు కూడా కాలేదు, బిడ్డా. జొన్న దంటు విరిచినట్టు ఒక్క చిటుకు వినిపించింది. కొమ్మ మొదలుతో సహా ఊడివచ్చి ఆమె కుడి భుజం మీద పడింది. తర్వాత దాన్ని తిప్పి చూస్తే కొమ్మ మొదలు దగ్గర కట్టె విరిగిన గుర్తే లేదు. అరచేతి వెడల్పు బెరడు చెక్క, దానికి అంటుకున్న నల్లటి పుచ్చు పొడి, అంతే. పాత కొమ్మ మాను లోపలి నుంచి పుట్టి, ఏటేటా కట్టెతో కట్టె పెనవేసుకొని లావవుతుంది. మోడు మీద లేచిన కొమ్మ పైపొరకు అతుక్కొని ఉంటుంది, దాని కింద మోడు పుచ్చిపోతూ ఉంటుంది.

మీ అమ్మ చెయ్యి ఆ తర్వాత తల దాకా లేవలేదు. నీకు జడ వేయడానికి నిన్ను కింది మెట్టు మీద కూర్చోబెట్టుకునేది అందుకే. బాయి దగ్గర జారిపడ్డానని నీకు చెప్పింది; తమ్ముడి పేరు బయటికి రాకూడదని మీ నాన్నతో ఒట్టు వేయించుకుంది. ఈ మాట ఆమె ఉన్నప్పుడే నీకు చెప్పవలసింది. ఇంతకాలం నాకు నోరు రాలేదు.

అందుచేత వేప తల జోలికి పోవద్దు. ఎండిన కొమ్మలు, ఒకదానినొకటి రాసుకునేవి, ఇంటి మీదికి పొడుగ్గా సాగినవి మాత్రమే తీయాలి. 2021లో తెలంగాణ అంతటా వేపలు చివర్ల నుంచి ఎండినప్పుడు మన చెట్టుకూ ఆ తెగులు తగిలింది కాబట్టి, ఎండిందనుకున్న పుల్లను ముందు గోటితో గీరి చూడండి. లోపల పచ్చగా ఉంటే అది బతికే ఉంది. పొడుగు కొమ్మను నడిమిట్లో మొండిగా వదలకుండా, దానిలో కనీసం మూడో వంతు లావున్న పక్కకొమ్మ చీలే చోటికి తగ్గించండి. లోపలి చిన్న కొమ్మలన్నీ ఊడ్చేసి చివర కుచ్చు మిగిలిస్తే బరువంతా కొసకు చేరి గాలికి ఇంకా తొందరగా విరుగుతుంది. మొత్తం మీద ఆకులో నాలుగో వంతుకు మించి ఒకేసారి పోకూడదు. దక్షిణం వైపు రెండు కొమ్మలు నమస్కారం పెట్టినట్టు అతుక్కొని లేచాయి చూడు, వాటి నడుమ బెరడు లోపలికి మడతపడి ఉంటుంది కాబట్టి అక్కడ అతుకు గట్టిది కాదు. వాటిలో చిన్నదాన్ని తగ్గించాలి.

పెద్ద కొమ్మను ఒక్క కోతలో కోయవద్దు, బరువుకు వాలి మాను బెరడును కిందికంటా చీల్చుకుపోతుంది. మానుకు అడుగు దూరంలో ముందు కింది నుంచి మూడో వంతు కోసి, దానికి రెండు వేళ్లు అవతల పై నుంచి కోయాలి. కొమ్మ పడిపోయాక మిగిలిన మొండిని చివరన తీయాలి. కొమ్మ మానులో కలిసే చోట చెయ్యి పెట్టి తడిమితే ఉంగరం వేలి కణుపులా కాస్త ఉబ్బి, ముడతలు పడిన పట్టీ తగులుతుంది. చివరి కోత దానికి సరిగ్గా బయట పడాలి. ఆ పట్టీ నుంచే చెట్టు గాయాన్ని మూసుకుంటుంది. తారు, రంగు ఏదీ పూయవద్దు.

వేళ్ల సంగతి కూడా చూడాలి. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో గాలికి వేల చెట్లు పడిపోయాయి. నేను వెళ్లి చూశాను. చాలా చెట్లు వేళ్లతో సహా లేచి ఉన్నాయి. అంతటి గాలిని కొమ్మల కోత ఆపలేదు, కానీ మామూలు గాలివానకు చెట్టు నిలవాలన్నా వేరు బాగుండాలి. మొదలు దాకా పోసిన గచ్చును పగలగొట్టించు. మొదలు చుట్టూ నేల పగుళ్లిచ్చినా, పుట్టగొడుగులు లేచినా నాకు వెంటనే చెప్పు. చెట్టునే తీయవలసి వస్తే నీళ్లు, భూమి, చెట్ల రక్షణకు ఉన్న వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోవాలి.

శివరాత్రి దాటితే వేప చిగురు మీదికి వస్తుంది, కాబట్టి ఈలోపే కావాలి. ఆదివారం మొదటి బస్సుకు బయలుదేరి వస్తున్నాను. నేను ఎక్కను; కింద నిలబడి ఏది ఎక్కడ కోయాలో సుద్దతో గుర్తు పెట్టిస్తాను. అప్పటిదాకా గేటు మీది తీగ పని కానివ్వండి. వేపకు మాత్రం రంపం తగలనివ్వకు.

మీ మామ