సర్వర్‌లో ఉన్నది ఇద్దరమే, డబ్ల్యూ (w) కమాండ్ ముగ్గురు యూజర్లని ఎందుకు చూపిస్తుంది?

లినక్స్‌లో ఎవరెవరు లాగిన్ అయి ఉన్నారో చూపేది డబ్ల్యూ. అది లెక్కపెట్టేది మనుషుల్ని కాదు, సెషన్లని, అంటే ఒక్కో లాగిన్‌ని. ఒకరే రెండు టెర్మినళ్ల నుంచి లాగిన్ అయితే రెండు లైన్లు వస్తాయి. నెట్ తెగిపోయిన ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి చేసే లాగిన్) సెషన్ కూడా, సర్వర్ గమనించేదాకా అలాగే కనిపిస్తుంది.

డబ్ల్యూ చూపేదాంట్లో పై లైన్‌లో టైము, సర్వర్ ఎంతసేపుగా నడుస్తోందో, యూజర్ల సంఖ్య, చివర 1, 5, 15 నిమిషాల లోడ్ యావరేజ్ (నడుస్తున్న, ఎదురుచూస్తున్న ప్రాసెస్‌ల, అంటే ప్రోగ్రామ్‌ల, సగటు సంఖ్య) ఉంటాయి. ఆ లోడ్‌ని సీపీయూ కోర్ల సంఖ్యతో పోల్చి చూడాలి. 4 కోర్ల మెషీన్‌లో 4 అంటే నిండుగా ఉన్నట్టు. డిస్క్ కోసం ఆగిపోయిన ప్రాసెస్‌లూ ఇందులో కలుస్తాయి కాబట్టి సీపీయూ ఖాళీగా ఉన్నా లోడ్ పెరగొచ్చు.

ఎక్కువమంది పొరబడేది ఐడిల్ (యూజర్ ఏమీ టైప్ చేయకుండా ఉన్న సమయం) కాలమ్ దగ్గర. 5:10 అంటే 5 నిమిషాల 10 సెకన్లు. అదే 5:10 పక్కన ఎమ్ (m) ఉంటే 5 గంటల 10 నిమిషాలు. జేసీపీయూ ఆ టెర్మినల్‌లోని ప్రాసెస్‌లన్నీ వాడిన సీపీయూ సమయం, పీసీపీయూ చివరి కాలమ్‌లో కనిపించే ఒక్క ప్రాసెస్‌ది.

ఒక్కరి వివరాలే కావాలంటే డబ్ల్యూ పక్కన యూజర్ పేరు ఇవ్వండి. ఎక్కడినుంచి లాగిన్ అయ్యారో చెప్పే హోస్ట్ పేరు బదులు ఐపీ అడ్రస్ కావాలంటే మైనస్ ఐ (-i) చేర్చండి.

మిగిలిపోయిన సెషన్‌ని తీసేయాలంటే ప్రాసెస్‌లకి సిగ్నల్ పంపే పీకిల్ (pkill) కమాండ్‌కి మైనస్ టీ (-t)తో ఆ సెషన్ టెర్మినల్ పేరు, అంటే పీటీఎస్ నంబర్ (pts/1 లాంటిది) ఇచ్చి, ముందు హ్యాంగప్ సిగ్నల్ (-HUP, కనెక్షన్ తెగిందని చెప్పేది) పంపండి. అంతకుముందు అది మీరు కూర్చున్న టెర్మినల్ కాదని టీటీవై కమాండ్‌తో తప్పకుండా చూసుకోండి. డాకర్ ఎగ్జెక్ (docker exec) కమాండ్‌తో కంటైనర్‌లోకి (ప్రోగ్రామ్‌ని విడిగా నడిపే చోటులోకి) వెళ్లినవాళ్లు మాత్రం ఈ జాబితాలో కొత్త లైన్‌గా రారు.