జియాలజీ ఫీల్డ్ ట్రిప్ కోసం ఇప్పుడే చీటీ పాడాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాదే రాయలసీమలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ జియాలజీలో చేరింది. జనవరిలో 15 రోజుల ఫీల్డ్ ట్రిప్‌కు 18,000, మరుసటి జనవరిలో రాళ్ల పటం గీసే మ్యాపింగ్ క్యాంపుకు 22,000 కట్టాలన్నారు. పరికరాలు వేరే. నేను బట్టలు కుడతాను, నెలకు 15,000 వస్తుంది. 20 నెలల 50,000 చీటీలో ఈ ఆగస్టుది నాలుగో నెల. పోయిన నెల పాట 12,000 తగ్గింపుకు పోయింది. చీటీ పాడనా, బంగారం కుదువ పెట్టనా, ఎడ్యుకేషన్ లోన్ తీసుకోనా?

జవాబు: ఇప్పుడైతే చీటీ పాడకండి. 12,000 తగ్గింపుకు పాడితే చేతికి వచ్చేది 38,000. చివరిదాకా ఆగితే 5 శాతం కమిషన్ పోను 47,500 వస్తుంది. 18,000 అవసరానికి 9,500 వదులుకోవడం చాలా ఖరీదైన అప్పు కింద లెక్క. పైగా మీ చీటీ వచ్చే ఏడాది డిసెంబరుతో ముగుస్తుంది, రెండో క్యాంపు ఆ తర్వాతి నెలే. అంటే ఆ 22,000 మీరు ఇప్పటికే కూడబెడుతున్నట్టే. క్యాంపు కాస్త ముందుకు జరిగినా 18, 19వ నెలల్లో తగ్గింపు బాగా పడిపోతుంది, అప్పుడు పాడొచ్చు. ఒక్కటి మాత్రం తప్పక చూడండి: చీటీ రిజిస్టరైందా లేదా. వీధిలో నమ్మకం మీద నడిచే చీటీ అయితే చివరిదాకా ఆగడంలో వేరే ప్రమాదం ఉంది. అప్పుడు సగం దాటాక, తగ్గింపు దిగగానే పాడేయడం మంచిది.

ఎడ్యుకేషన్ లోన్ గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. స్టడీ టూర్లు, ప్రాజెక్టు ఖర్చులు కూడా లోన్‌లోకి వస్తాయి, నిజమే. కానీ పుస్తకాలు, పరికరాలు, టూర్లు అన్నీ కలిపి కోర్సు మొత్తం ట్యూషన్ ఫీజులో 20 శాతం మించకూడదని చాలా బ్యాంకులు పరిమితి పెడతాయి. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో రెండేళ్ల ఫీజు 30,000 అనుకుంటే వచ్చేది 6,000. ఆ మాత్రానికి ఆ కాగితాల పని అక్కర్లేదు. హాస్టల్, మెస్ ఖర్చు మీకు మోయలేనంతగా ఉంటే మాత్రం లోన్ గురించి ఆలోచించండి, అవి ఈ 20 శాతంలోకి రావు.

ఇక మిగిలింది మొదటి ట్రిప్పు. 18,000 ఎలా వచ్చిందో పద్దులవారీగా అడగమనండి. అడగడం మర్యాద తక్కువ పని కాదు. ఇలాంటి ట్రిప్పుల్లో డబ్బు ఎక్కువగా పోయేది అద్దె బస్సుకే. పిల్లలు రోజంతా ఒకే కొండ మీద రాళ్లు చూస్తున్నా, కింద ఆగిన బస్సుకు రోజుకు ఇన్ని కిలోమీటర్లని కనీస బిల్లు పడుతుంది. దానిపైన డ్రైవరు బత్తా, రాష్ట్రం దాటితే పర్మిట్ పన్ను. దూర ప్రయాణం రైల్లో చేసి, అక్కడ రెండు మూడు రోజులకే వాహనం మాట్లాడుకుంటే ఖర్చు గట్టిగా తగ్గుతుంది. విద్యాయాత్రకు స్లీపర్‌లో మూల ఛార్జీపై విద్యార్థులకు 50 శాతం, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 75 శాతం రాయితీ ఉంది. ఆన్‌లైన్‌లో ఇవ్వరు, సంస్థ అధిపతి సంతకం చేసిన ఫారంతో కౌంటర్‌లోనే తీసుకోవాలి. ఫారాల పని నవంబరులో మొదలుపెడితే టికెట్లు దొరికేసరికి ఆలస్యమవుతుంది, సెప్టెంబరులోనే కదపాలి.

రాయలసీమ పిల్లలకు ఇంకో అదృష్టం, పాతకాలపు రాతి పొరలున్న కడప బేసిన్ వాళ్ల ముంగిట్లోనే ఉంది. మంగంపేట బెరైటీస్ ఖనిజం, వేంపల్లె డోలమైట్ రాతిలో స్ట్రోమటోలైట్లు (ఒకప్పటి సూక్ష్మజీవులు కట్టిన పొరలు), తిరుమల ఘాట్ రోడ్డులో ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ (చాలా పాత రాళ్ల మీద ఎంతోకాలం తర్వాతి పొరలు కూర్చున్న చోటు)... వీటికి వసతి ఖర్చు పెద్దగా ఉండదు. శిలాజాలకు తమిళనాడులోని అరియలూరు, బొగ్గుకు తెలంగాణలోని సింగరేణి వెళ్లాల్సిందే. 15 రోజుల్లో తొమ్మిది పది రోజులు దగ్గర్లో పెట్టుకుని, మిగిలినవే దూరానికి వాడమని బ్యాచ్ అంతా కలిసి అడిగితే మాట చెల్లుతుంది.

ఇంకో చోట లెక్క తప్పుతుంది. బస్సు 1,50,000 అయితే 25 మందికి తలా 6,000. చివర్లో ఐదుగురు మానుకుంటే మిగిలిన వాళ్లకు 7,500. అందుకే అందరి దగ్గరా సెప్టెంబరు నుంచి నెలనెలా వాయిదాగా వసూలు చేయాలి. డబ్బు కట్టిన పిల్లలు మానుకోవడం తక్కువ, కట్టలేని ఇల్లేదో కూడా ముందే తెలుస్తుంది.

ఇవన్నీ కుదిరి 13,500కు దిగిందనుకోండి. ఆగస్టు నుంచి నెలకు 1,500 తీస్తే డిసెంబరుకు 7,500. దీనికి పోస్టాఫీసు ఆర్‌డీ వద్దు, అది ఐదేళ్లది, మూడేళ్లు నిండందే మూయనివ్వరు. ఏటీఎం కార్డు లేని వేరే సేవింగ్స్ ఖాతా చాలు. తగ్గిన 6,000 డ్వాక్రా గ్రూపులో రూపాయి వడ్డీకి తీసుకోండి, ఆరు నెలలకు వడ్డీ 360 మించదు. బంగారం మీద 10 శాతానికి బ్యాంకులో తీసుకున్నా 300. మూడు రూపాయల వడ్డీ జోలికి మాత్రం వెళ్లకండి.

పరికరాల్లో సొంతంగా కావాల్సింది రాళ్లు కొట్టే జియాలజీ సుత్తి, పది రెట్లు పెద్దగా చూపే 10ఎక్స్ లెన్సు, గట్టి బూట్లు. సీనియర్ల దగ్గర సుత్తి సగం ధరకు దొరుకుతుంది. వడ్రంగి సుత్తితో సర్దుకోనివ్వద్దు, దాని ఉక్కు రాతి దెబ్బకు పెచ్చులూడి కంట్లో పడుతుంది. కళ్లద్దాలు తప్పనిసరి. రాతి పొరల దిక్కు, వాలు కొలిచే బ్రంటన్ కంపాస్ కొనకండి, డిపార్ట్‌మెంట్‌ది ముగ్గురు పంచుకోవచ్చు. విదేశాల్లో వాడినది చవగ్గా వచ్చినా, అక్కడి అయస్కాంత క్షేత్రానికి సరిచేసిన ముల్లు ఇక్కడ ఒకవైపు వాలి రాసుకుంటుంది. మ్యాపులకు రూపాయి ఖర్చు లేదు: సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు (కొండలు, వాగులు, దారులు చూపే పటాలు), జీఎస్‌ఐ (భారత భూగర్భ సర్వే సంస్థ) భూకోశ్ పోర్టల్‌లోని భూగర్భ పటాలు ఉచితమే.

ప్రభుత్వ చమురు సంస్థ ఓఎన్‌జీసీ ఇచ్చే స్కాలర్‌షిప్‌కు ఈ ఏడాదే దరఖాస్తు చేయించండి. ఏడాదికి 48,000, పీజీ జియాలజీ వాళ్లకూ ఇస్తారు, అయితే మొదటి సంవత్సరంలోనే చేసుకోవాలి. ఆదాయ పరిమితి, ఇతర షరతులు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసి, ఆదాయ ధ్రువపత్రం ఇప్పుడే తీసి పెట్టుకోండి. ఆ డబ్బు జనవరిలోపు పడుతుందని మాత్రం లెక్క వేసుకోకండి. పడితే ముందు గ్రూపు అప్పు తీర్చండి.

ట్రిప్పుకు ముందు ఆమె బ్యాంకు ఖాతాలో ప్రధానమంత్రి సురక్షా బీమా చేయించండి. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి 2 లక్షల దాకా వస్తుంది. ఆసుపత్రి బిల్లుకు అది పనికిరాదు, కాబట్టి ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) లేదా ఆయుష్మాన్ కార్డు నకలు బ్యాగులో, ఇంకో నకలు వెంట వెళ్లే లెక్చరర్ దగ్గర ఉండాలి.